మెట్ట మీద గొయ్యి, పల్లంలో మెరక

మండపేటలో ఇల్లు తలపెట్టినవాడికి మొదటి ఖర్చు మెరక. స్థలం ఒకప్పటి వరిచేనో, కాలువ గట్టు పక్కదో అయి ఉంటుంది. రోడ్డు కంటే మోకాలి లోతు పల్లంగా ఉంటుంది. అందుకని కొలతలు వేయకముందే టిప్పర్లు వచ్చి ఎర్రగ్రావెల్ పోస్తాయి. ఆ వెనక నల్లరాయి దిగుతుంది. పునాదికి బండరాయి, బెడ్డుకు నలభై ఎంఎం మెటల్, శ్లాబుకు ఇరవై ఎంఎం చిప్స్, ఈమధ్య ఇసుకకు బదులు రోబోశాండ్. ఇందులో ఒక్కటి కూడా మండపేటలో పుట్టింది కాదు. అక్కడ గునపం వేస్తే బంకమట్టి, దాని కింద ఇసుక, ఆ కింద నీళ్లు.

తమాషా ఏమిటంటే ఆ ఊరి పేరుతో ఒక రాయి లేకపోలేదు. చమురు, సహజవాయువుల కోసం కృష్ణా-గోదావరి బేసిన్‌లో బావులు తవ్వినప్పుడు కిలోమీటర్ల లోతున తగిలిన ట్రయాసిక్ కాలపు ఇసుకరాతి పొరకు భూగర్భ శాస్త్రవేత్తలు ‘మండపేట శాండ్‌స్టోన్’ అని పేరు పెట్టారు. ఓఎన్‌జీసీ డ్రిల్లు దాన్ని తాకింది. మేస్త్రీ తాపీకి మాత్రం అది అందదు. ఊరికి కావలసిన రాయి ఎప్పుడూ మెట్ట నుంచే రావాలి: ఒకప్పుడు ధవళేశ్వరం నుంచి, ఆ తరవాత రాజమహేంద్రవరం చుట్టుపక్కల నుంచి, గోదావరి దాటి పంగిడి, గౌరీపట్నం నుంచి.

గోదావరి చరిత్రను మనం నీటి చరిత్రగానే రాసుకున్నాం. నీరు ఎగువ నుంచి దిగువకు వచ్చిన కథ అందరికీ తెలుసు. అదే దారిలో రాయి కూడా వచ్చింది. నీరు వచ్చిన దారిలో పచ్చదనం మిగిలితే, రాయి బయలుదేరిన చోట గొయ్యి మిగిలింది. ఆ గోతి పక్కన ఇళ్లున్నాయి. వాటి అరుగుల మీద కూర్చున్నవాళ్లకు నూట డెబ్బై ఏళ్లకు పైగా ఏం కనబడుతూ వచ్చిందన్నది ఈ వ్యాసానికి విషయం.

ధవళగిరి

పందొమ్మిదో శతాబ్దపు మొదటి సగంలో గోదావరి జిల్లా ఖాళీ అవుతూ వచ్చింది. ఆనాటి ప్రభుత్వ లెక్కల్లో 1821లో 7,38,308గా ఉన్న జనాభా 1841 నాటికి 5,61,041కి పడిపోయింది. కరువులు, 1839 నాటి కోరింగ తుఫాను, శిస్తు భారం, వలసలు కలిసి చేసిన పని అది. 1844లో సర్ హెన్రీ మాంట్‌గోమరీ ఇచ్చిన నివేదిక ఈ దురవస్థను ప్రభుత్వం ముందు పెట్టింది. తంజావూరులో కావేరీ పనులు చేయించి వచ్చిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఆనకట్ట ప్రతిపాదించాడు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది.

ధవళేశ్వరాన్ని ఎంచుకోవడానికి నది అక్కడ లంకల మధ్య పాయలుగా విడిపోవడం ఒక కారణమైతే, చేతికందే దూరంలో కొండ ఉండడం రెండో కారణం. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలు కలిపి ఆనకట్ట పొడవు సుమారు 3.6 కిలోమీటర్లు. పునాదికి గట్టిరాయి తగలని ఇసుక మీద కట్టిన కట్టడం అది. బావులు దింపి గోడ లేపి, దాని దిగువన విడిరాళ్లను వాలుగా పరచి, ఆ బరువుతో నదిని ఆపారు. ఇసుక మీద పరచిన రాయి వరదకు జారుతుంది, కుంగుతుంది. మళ్లీ పోయాలి. ఆనకట్ట పూర్తయినంత మాత్రాన రాతి అవసరం తీరలేదు. వరద వచ్చి వెళ్లినప్పుడల్లా క్వారీకి పని పడేది.

ఆ రాయి మోయడానికి ధవళేశ్వరంలో 1840లలో పట్టాల దారి వేశారు. బొంబాయి-ఠాణాల మధ్య 1853లో ప్రయాణికుల రైలు నడవడానికి ముందే వేసిన కొద్దిపాటి పట్టాల దారుల్లో అదొకటి. అంతకుముందు 1837లో మద్రాసు దగ్గర రెడ్‌హిల్స్‌లో రోడ్లకు రాయి తోలడానికి వేసిన దారి వెనక కూడా కాటన్ ఉన్నాడు. మన దేశంలో రైలు పట్టా మొదట మోసింది మనిషిని కాదు, క్వారీ రాయిని.

ఆ కొండ ఊరికి పరాయిది కాదు. ధవళగిరి మీద జనార్దనస్వామి గుడి ఉంది. గోదావరి ఒడ్డున, డెల్టాలో ఉన్న నవ జనార్దన క్షేత్రాల్లో అది మొదటిది. మడికి, జొన్నాడ, ఆలమూరు మీదుగా వెళ్లే ఆ వరసలో మండపేట కూడా ఒకటి. అంటే కాలువ రాకముందే ఈ రెండూళ్లకూ ఒక బంధుత్వం ఉంది. ఒకే పేరున్న దేవుడు అక్కడ గుట్ట మీద, ఇక్కడ పల్లంలో. తొమ్మిది గుళ్లకూ తిరిగే యాత్రికుడికి ధవళేశ్వరం గుట్ట దూరం నుంచే దారి చూపే గుర్తు. ఆనకట్ట తరవాత తూర్పు డెల్టా కాలువల్లో ఒకదానికి మండపేట పేరు వచ్చింది. మండపేటకు నీరు అందడం కోసం ధవళేశ్వరం కొండ కొంత ఒళ్లు ఇచ్చుకుంది.

ఇంజనీర్ల రాతల్లో ఆ రాయి ఘనపు గజాల్లోను, కూలి అణాల్లోను కనబడుతుంది. ఎంత లోతున ఎంత తీశారు, గజానికి ఎంత పడింది, పడవకు ఎన్ని టన్నులు ఎక్కాయి అన్నవి లెక్కకు వచ్చే సంగతులు. కొండ నిలువెత్తు రూపం ఆ లెక్కకు రాదు. తవ్విన చేతులు వడ్డెరలవి, ఉప్పరులవి, కరువు తరిమిన కూలిజనానివి. ఊరి కొండ ఊరివాళ్ల కళ్ల ముందు తరుగుతుంటే వాళ్లేమనుకున్నారో రాసిపెట్టే అవకాశం వాళ్లకు లేదు.

అదే కాలంలో రైన్ ఒడ్డున

దాదాపు ఆ రోజుల్లోనే మరో నది ఒడ్డున మరో కొండ గురించి వేరే తీర్పు వచ్చింది. జర్మనీలో రైన్ నది పక్కన ద్రాఖెన్‌ఫెల్స్ అనే 321 మీటర్ల గుట్ట ఉంది. రోమన్ల కాలం నుంచీ దాని రాయి తవ్వేవారు. కొలోన్ మహాదేవాలయానికీ ఆ రాయే వెళ్లింది. శిఖరం మీద పాడుబడ్డ కోట ఒకటి ఉండేది. తవ్వకం దాని కిందికి రావడంతో గోడలు విరిగిపడ్డాయి. నది మీద పడవల్లో వెళ్లే బాటసారులు, కవులు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు గోల పెట్టారు. చివరికి 1836లో ప్రష్యా ప్రభుత్వం క్వారీని కొనేసి తవ్వకం ఆపించింది. కంటికి కనిపించే రూపం కోసం ఒక కొండను కాపాడిన తొలి ఉదాహరణల్లో ఐరోపా చరిత్రకారులు దాన్ని లెక్కిస్తారు.

ఇంగ్లండులో మాల్వర్న్ కొండలది మరో కథ. 1884లో పార్లమెంటు చట్టంతో అక్కడ సంరక్షక మండలి ఏర్పడింది. అయినా క్వారీలు ఆగలేదు. కొండ నడుము కోసుకుపోతూనే ఉంది. 1924లో మరో చట్టం తేవలసి వచ్చింది. తవ్వకం పూర్తిగా ఆగడానికి 1970లు రావలసి వచ్చింది. చట్టం ఉన్నంత మాత్రాన కొండ నిలవదని మాల్వర్న్ చెబుతుంది.

ఈ పోలికను జాగ్రత్తగా వాడాలి. ద్రాఖెన్‌ఫెల్స్ కోసం గొంతెత్తినవాళ్లకు కడుపు నిండా తిండి ఉంది. ధవళేశ్వరం రాయి కడుపు నింపడం కోసమే కదిలింది. లక్షల ఎకరాలకు నీరు ఒక పక్క, ఒక గుట్ట రూపం మరో పక్క పెట్టి తూచమంటే ఆనాటి డెల్టా రైతు ఎటు మొగ్గుతాడో అడగక్కర్లేదు. నేటికీ కాటన్ విగ్రహం లేని కాలువ ఊరు అరుదు. ధవళేశ్వరం తప్పు చేసిందని ఎవరూ అనలేరు. కాని ఆ తూకం ఒక్కసారి వేసిన తూకం. తరవాత వచ్చిన ప్రతి క్వారీకీ అదే తీర్పును అరువు తెచ్చుకోవడం దగ్గరే చిక్కు మొదలైంది.

కాతేరు నుంచి గౌరీపట్నం దాకా

ఆనకట్టకు ఇసుకరాయి సరిపోయింది. రైళ్లూ తారురోడ్లూ కాంక్రీటూ వచ్చాక కావలసింది నల్లరాయి. అది గోదావరికి రెండు గట్ల మీదా ఉంది. ఎడమ గట్టున రాజమహేంద్రవరం అంచున కాతేరు, కుడి గట్టున కొవ్వూరు దాటాక పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం. 1880లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ గోదావరి జిల్లా తీరప్రాంతం మీద రాసిన గ్రంథంలో ఈ రాతి వరుసను వివరంగా గుర్తించాడు. శాస్త్రవేత్తలు వీటిని ‘రాజమండ్రి ట్రాప్స్’ అంటారు.

ఈ రాయికి పెద్ద కథే ఉంది. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట పడమటి కనుమల వైపు నేల చీలి పొంగిన లావా వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి, ఇక్కడికి వచ్చి సముద్రం అంచున చల్లారిందని పరిశోధకులు తేల్చారు. భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇవి చేరతాయి. ఒక ప్రవాహానికీ మరో ప్రవాహానికీ నడుమ సముద్రం వచ్చి పోయింది. ఆ మధ్యకాలంలో పేరుకున్న సున్నపు పొరలో గవ్వలు, కంటికి కనబడని సముద్రజీవుల పెంకులు ఉన్నాయి. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ బృందం ఈ క్వారీల నుంచే ఆ పెంకులు తీసి పరిశీలించి, రాక్షసబల్లులు అంతరించిన ఘట్టానికి ఇక్కడి లావాలతో ఉన్న కాలసంబంధాన్ని 2008లో ప్రకటించింది.

క్వారీ గోడ దగ్గరికి వెళ్లి నిలబడితే ఇదంతా చూడవచ్చు. కింద నల్లటి రాయి, నెర్రెలు నెర్రెలుగా. దాని పైన మనిషెత్తుకు అటూ ఇటూగా పాలిపోయిన పట్టీ ఒకటి, వేలితో గీకితే పొడి రాలుతుంది. ఆ పైన మళ్లీ నలుపు. అన్నిటికీ పైన చెప్పుల్లో ఇరుక్కునే ఎర్రమట్టి, దాని అంచున వేళ్లు బయటపడి వేలాడే ఒక తాడిచెట్టు. గోడ నిండా పైనుంచి కిందకి సగం గొట్టాల్లాంటి నిలువు గాళ్లు. డ్రిల్లు వేసి మందు కూరిన కన్నాల్లో సగం రాతితో ఎగిరిపోగా మిగిలిన సగాలు అవి. శాస్త్రవేత్తకు ఈ గోడ పుస్తకంలో పుట. క్వారీ లేకపోతే ఆ పుట తెరుచుకునేది కాదు. గట్టున ఇల్లున్నవాడికి మాత్రం అది రోజూ తెల్లారగానే ఎదురయ్యే గోడ.

రాజమహేంద్రవరంలో ‘క్వారీ సెంటర్’, ‘క్వారీ మార్కెట్’ అని పేర్లున్నాయి. ఆటోవాడికి ఆ మాట చెబితే చాలు, తీసుకెళ్లి దింపుతాడు. కొట్లు, కూరగాయలు, ట్రాఫిక్. పేరు ఒక్కటే మిగిలి ఊరు అక్కడిదాకా నడిచి వచ్చేసింది. ఇది ఒక చోటి సంగతి కాదు. క్వారీ ఊరికి దూరంగా మొదలవుతుంది. కూలీల గుడిసెలు వస్తాయి, టీ బడ్డీ వస్తుంది, రోడ్డు పడుతుంది, రోడ్డు వెంట స్థలాలు అమ్ముడవుతాయి. క్వారీ దగ్గరికి ఇల్లు వచ్చిందా, ఇంటి దగ్గరికి క్వారీ వచ్చిందా అన్న తగాదా తరవాత పుడుతుంది. రెండు పక్షాల చేతుల్లోనూ కాగితాలుంటాయి.

అరుగు మీద నుంచి

కుడి గట్టు మెట్టలో నేల పెద్దగా ఎత్తుపల్లాలు లేనిది. జీడిమామిడి తోటలు, పామాయిల్, దేవరపల్లి చుట్టూ పొగాకు, వాటి మధ్య మధ్య బ్యారన్లు. అలాంటి చోట యాభై అడుగుల గుట్ట కూడా మైళ్ల దూరం కనబడుతుంది. పర్వతాల మధ్య ఒక కొండను కోస్తే పక్క కొండ దాన్ని దాస్తుంది. ఇక్కడ దాచేదేమీ లేదు. గౌరీపట్నంలో నిర్మలగిరి మేరీమాత క్షేత్రం ఉన్నదీ అలాంటి గుట్ట మీదే. యాత్రికులు గుడి మెట్ల మీద నుంచి చుట్టూ చూస్తే తోటలతో పాటు క్రషర్ల గొట్టాలూ, మెటల్ గుట్టలూ, తవ్విన గోతుల అంచులూ చూపులో పడతాయి.

క్వారీ పక్కింటి మనిషి చూసేదాన్ని విడదీసి చెప్పుకోవాలి. మొదటిది గీత. ఆకాశానికీ గుట్టకూ మధ్య ఉండే వంపు గీత ఊరివాడికి చిన్నప్పటి నుంచీ తెలుసు. దానిమీద పన్ను ఊడినట్టు ఒక గండి పడగానే ఊరి రూపమే మారుతుంది. రెండోది రంగు. పచ్చటి నేలలో ఎర్రమట్టి కోత పచ్చిపుండులా దూరానికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మూడోది పొడి. అరటాకు మీద, మామిడి పూత మీద, ఆరేసిన పంచె మీద బూడిదరంగు డస్ట్ పడుతుంది. అది ఊపిరికి చేసే చెరుపు వేరే లెక్క. కంటికి అది చేసేది ఏమిటంటే ఊరిలోని రంగులన్నీ ఒకే రంగు కావడం. వాన పడ్డ రెండు రోజులు మళ్లీ ఊరు ఊరులా ఉంటుంది. నాలుగోది రాత్రి. ఫోకస్ లైట్ల కింద పొక్లెయిన్ తిరుగుతుంటే పెరట్లో చీకటి అనేది ఉండదు. చివరిది నీరు. తవ్వకం వదిలేసిన గోతిలో ఊట చేరి పచ్చటి మడుగు అవుతుంది. దూరం నుంచి అందమే. కంచె లేని ఆ నిట్టనిలువు గట్టు దగ్గర పిల్లలుంటారని తెలిసిన తల్లికి అది అందంగా కనబడదు.

వీటిలో పొడినీ, వీటితో పాటు వచ్చే చప్పుడునూ అదురునూ కొలవడానికి యంత్రాలున్నాయి. ఫలానా మైక్రోగ్రాములు, ఫలానా డెసిబెల్స్ అని అధికారి రాసుకుపోతాడు. పోయిన గీతకూ మారిన రంగుకూ మీటరు లేదు. అందుకే ఫిర్యాదు రాసేటప్పుడు జనం కూడా దాన్ని వదిలేస్తారు. గోడలు బీటలు వారుతున్నాయనీ, బోర్లు ఎండుతున్నాయనీ రాస్తారు. మా కొండ పోతోంది అని రాస్తే కార్యాలయంలో నవ్వుతారేమోనన్న సంకోచం.

కొలవలేమా?

కొలవడం కష్టమే గాని అసాధ్యం కాదు. బ్రిటన్‌లో 1995లో భూదృశ్యం మీదా చూపు మీదా పడే ప్రభావాన్ని అంచనా వేయడానికి వృత్తి సంస్థలు మార్గదర్శకాలు అచ్చు వేశాయి. 2013 నాటికి అవి మూడో కూర్పుకు వచ్చాయి. వాటిలో రెండు సంగతులు మనకు పనికొస్తాయి. భూమి రూపం మారడం వేరు, ఆ మార్పు ఫలానా చోట నిలబడ్డ ఫలానా మనిషి చూపును ఎంత ఆక్రమిస్తుందన్నది వేరు అని అవి విడదీశాయి. చూసేవాళ్లలో ఇంట్లో కాపురమున్నవాళ్లను అందరికంటే ఎక్కువ సున్నితమైన వర్గంగా తీసుకున్నాయి. బస్సులో వెళ్లేవాడు క్వారీని అరనిమిషం చూస్తాడు. ఇంటివాడు ముప్పై ఏళ్లు చూస్తాడు.

మన దగ్గర చిన్నతరహా ఖనిజాల లీజులు ఆంధ్రప్రదేశ్ 1966 నియమాల కింద నడుస్తున్నాయి. వాటికి ఆయువుపట్టు సీనరేజి: ఎంత రాయి బయటికి పోతే ప్రభుత్వానికి ఎంత రావాలన్న లెక్క. వీటికి పర్యావరణ అనుమతి 2006 నాటి నోటిఫికేషన్‌తో వచ్చింది. ఐదు హెక్టార్ల లోపు లీజులు చాలాకాలం దాని నుంచి జారిపోయేవి. 2012 ఫిబ్రవరి 27న దీపక్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ సందు మూసింది. చిన్న చిన్న ముక్కలు పక్కపక్కన తవ్వితే అవన్నీ కలిసి పెద్ద గాయమే అవుతాయన్నది ఆ తీర్పు వెనకున్న వివేకం. చూపు విషయంలో అది మరీ నిజం. దూరం నుంచి చూసే కంటికి సర్వే నంబర్ల సరిహద్దులు కనబడవు, కొండ ఒక్కటే కనబడుతుంది.

తెలుగు నేల మీదే రాతి రూపం కోసం నిలబడినవాళ్లూ ఉన్నారు. హైదరాబాదులో 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ ఏర్పడింది. కట్టడాలకే పరిమితమైన వారసత్వ రక్షణలోకి కొన్ని రాతి గుట్టలు కూడా రావడం వెనక దాని కృషి ఉంది. నగరంలో చదువుకున్నవాళ్లకు సాధ్యమైనది పంగిడి పక్క ఊరివాళ్లకు ఎందుకు కాలేదంటే, ఇక్కడ చాలా ఇళ్లకు ఆ క్వారీయే కూడు. డ్రైవరు, డ్రిల్లరు, క్రషరు దగ్గర గుమాస్తా, టైర్ల పంక్చరు కొట్టు అందరూ ఒకే వీధివాళ్లు. ఒకే ఇంట్లో కొడుకు టిప్పరు తోలుతాడు, తల్లి అరుగు కడిగిన చోటే మళ్లీ కడుగుతుంది. ఇది ఊరికీ యజమానికీ తగవని రాసేవాళ్లు ఆ ఇంట్లోకి తొంగి చూడలేదన్నమాట.

మెరక ఖరీదు

ఇరవయ్యొకటో శతాబ్దంలో తవ్వకానికి కొత్త ఊపు వచ్చింది. మద్రాసు-కలకత్తా రహదారి నాలుగు వరసలైంది. ప్రతి పట్టణమూ చేల మీదికి పాకింది. 2020 డిసెంబరు 25న ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లా కొమరగిరిలో రాష్ట్రవ్యాప్త ఇళ్ల పట్టాల పంపిణీ మొదలైంది. డెల్టాలో ఖాళీగా దొరికే భూమి చాలావరకు పల్లపు భూమే. దాన్ని ఇళ్లకు పనికివచ్చేలా చేయాలంటే మెరక చేయాల్సిందే. పేదవాడికి నీళ్లు నిలవని ఇల్లు ఉండాలన్నదానితో ఎవరికీ పేచీ లేదు. కాని పల్లంలో అడుగు లేస్తే మెట్టలో ఎక్కడో అడుగు దిగుతుంది. ఆ రెండో అడుగు ఏ ఊరిలో దిగుతోందో ఇల్లు కట్టేవాడికి తెలియదు, తెలుసుకునే ఏర్పాటూ లేదు. బియ్యం బస్తా మీద మిల్లు పేరుంటుంది. గ్రావెల్ లారీకి అది ఏ కొండదో చెప్పే గుర్తు ఉండదు.

చరిత్ర తిరగేస్తే మనకు తేలేది ఒకటే. ధవళేశ్వరం నుంచి గౌరీపట్నం దాకా రాయి ఇచ్చిన ఊరికీ పుచ్చుకున్న ఊరికీ మధ్య లెక్క ఏనాడూ తేలలేదు. ఆనకట్ట విషయంలో ఆ లెక్కకు కొంత సమాధానముంది: పుచ్చుకున్నది జిల్లా అంతా పంచుకుంది. తరవాతి తవ్వకాలకు ఆ సమాధానం చెల్లదు.

చేయగలిగినవి లేకపోలేదు, గొప్ప ఖర్చుతో కూడినవీ కావు. గుట్ట నెత్తిన కాకుండా ఊరికి కనబడని పక్క నుంచి మొదలుపెట్టి, ఊరి వైపు అంచును గోడలా మిగల్చి లోపల తవ్వుకోవచ్చు. నిట్టనిలువుగా కోయకుండా మెట్లు మెట్లుగా దించితే పని ముగిశాక వాటి మీద మట్టి నిలుస్తుంది, మొక్క బతుకుతుంది. చెట్ల వరస తవ్వకం అయ్యాక కాకుండా ముందే నాటితే రాయి బయటపడేనాటికి ఆకు అడ్డు వస్తుంది. వీటన్నిటికంటే ముందు కావలసింది ఒక కాగితం. లీజు దరఖాస్తుతో పాటు, ఆ చుట్టుపక్కల ఊరి నాలుగు వీధుల నుంచి కొండ ఇప్పుడు ఎలా కనబడుతోందో ఒక ఫొటో, లీజు ముగిసేనాటికి ఎలా ఉంటుందో దాని పక్కన ఒక బొమ్మ. గ్రామసభలో ఆ రెండూ గోడకు అంటించి మాట్లాడమనండి. చదువురాని ముసలమ్మ కూడా ఆ దరఖాస్తును చదవగలదు. కావాలంటే ఒప్పుకుంటారు, వద్దంటే ఎందుకు వద్దో వేలు పెట్టి చూపిస్తారు.

ద్రాఖెన్‌ఫెల్స్ గుట్ట నేటికీ రైన్ మీద నిలిచి ఉంది. ధవళగిరి మీద జనార్దనస్వామి గుడీ ఉంది. మనం కట్టుకునే ఇంటి మెరక ఏ గుట్టదో ఈసారి లారీ వచ్చినప్పుడు డ్రైవర్ని అడగండి. ఆ ఊరి పేరు తెలుసుకోవడం దగ్గరే ఈ లెక్క మొదలుపెట్టాలి.